పిస్తోలు ఒర మెత్తగా ఉండకూడదు

తోలు పని తెలిసినవాడికి పిస్తోలు ఒర కుట్టడం రెండు రోజుల పని. ఏ ఒర ఏ నడుముకు సరిపోతుందో తెలియడానికి మాత్రం నాకు నాలుగేళ్లు పట్టింది. ఆ నాలుగేళ్లలో ఒక పెద్ద తప్పు కూడా చేశాను. దాన్ని దాచిపెట్టి మిగతాది చెబితే నేనేదో గొప్ప పనివాడినని అనుకుంటారు. అందుకని రెండూ రాస్తున్నాను. గల్ఫుకు తోలు పని మీద పోయే పిల్లలు మా వైపు ఇంకా ఉన్నారు. వాళ్లు చదివితే చాలు.

నేను, నా పని

నా పేరు మల్లయ్య. మాది మెట్‌పల్లి దగ్గర ఊరు. మా నాయిన చెప్పులు కుట్టేవాడు. లంద అనే తొట్టిలో తంగేడు చెక్క వేసి, తోళ్లు నానబెట్టి, పచ్చితోలు కుళ్లకుండా తానే ఊనేవాడు. నాకు ఏడేళ్లకే చేతికి తోలు పొడిచే ఆరె వచ్చింది. బడి మాత్రం రాలేదు. అక్షరాలు యాభై ఆరేళ్లకు నేర్చుకున్నాను. ఈ రాతలో తప్పులుంటే అచ్చు వేసేవాళ్లు దిద్దుతారు. పనిలో తప్పులు దిద్దేవాళ్లు ఉండరు, అది మీరే చూసుకోవాలి.

అబూధాబీ పక్కన ముసఫ్ఫాలో ఒకే కార్ఖానాలో ముప్పై ఏళ్లకు దగ్గరగా పనిచేశాను. అరబ్బులు తొడుక్కునే చెప్పులు, గుర్రాలకు పట్టీలు, డేగల తలకు తొడిగే టోపీలు కుట్టాం. మా ముదీర్, అంటే యజమాని, అబూ సమీర్‌ది సిరియాలోని అలెప్పో. పని చేసేది పదకొండు మందిమి. మాకు మేస్త్రీ అస్లం ఉస్తాద్, పాకిస్తాన్‌లో ఫుట్‌బాళ్లు కుట్టే సియాల్‌కోట్ మనిషి. నాకంటే మూడేళ్లు చిన్న, నాకంటే మంచి పనివాడు. ఆ మాట అప్పట్లో ఒప్పుకునేవాణ్ణి కాదు.

2020లో కరోనా వచ్చి అన్నీ మూతపడ్డాయి. కార్ఖానాకు తాళం, మేముండే క్యాంపు గేటుకు తాళం. రోజంతా మంచం మీద కూర్చోవడమే. మా గదిలో నర్సయ్య అని జగిత్యాల వాడు ఉండేవాడు, కంపెనీ బస్సు డ్రైవరు. నీళ్ల సీసాల అట్టపెట్టెలు చింపి, వాటిమీద మార్కరుతో అఆలు రాసి నా ముందు పెట్టాడు.

“ఏందన్నా, గిప్పుడు నేర్చుకొని కలెక్టర్ కొలువు జేస్తవా?” అని నవ్వాడు మొదటిరోజు, నేర్పమని నేను అడిగినందుకు.

“కలెక్టర్ నువ్వే అవురా. నా పేరు నేను రాసుకుంటె సాలు నాకు.”

“పేరుతోని ఆగుతరా ఎవలన్న? సదువుడు షురూ జేసినంక సిమెంటు బస్తా మీదిది గూడ సదువుతరు.”

నిజమే, గేటు తీసేసరికి అన్నీ చదువుతున్నాను.

గేటు తీశారు కానీ చెప్పులు కొనేవాళ్లు లేరు. నెలల తరబడి పని లేదు. అప్పుడు ముదీర్ ఎక్కడో మాట్లాడి పిస్తోలు ఒరల పని తెచ్చాడు. ఆ దేశంలో మామూలు మనిషి పిస్తోలు కట్టుకొని తిరగడానికి వీల్లేదు. మా ఒరలు కట్టుకున్నది పెద్ద కుటుంబాల వెంట మఫ్తీలో ఉండే రక్షణ మనుషులు, అనుమతి కాగితాలు ఉన్నవాళ్లు. వాళ్ల ఆఫీసు పేరు రాయను. వాళ్ల జట్టు పెద్ద పేరు సాలెం అని మార్చి రాస్తున్నాను.

అసలు పిస్తోలు ఒక్కటి కూడా మా బల్ల మీదకు రాకూడదు. అది షరతు. బదులుగా అదే కొలతలో నీలం రంగు రబ్బరు బొమ్మ ఇచ్చేవాళ్లు. తోలును తడిపి, బొమ్మను లోపల పెట్టి, నునుపైన ఎముక ముక్కతో చుట్టూ నొక్కి, నీడలో ఆరబెడితే తోలు ఆ ఆకారం పట్టుకుంటుంది. బొమ్మను చూసి పనిచేయడంలో ఒక ప్రమాదం ఉంది. అది పేలదు. చేతిలో ఉన్నది పేలదని తెలిసినప్పుడు మనిషికి భయం పోతుంది. భయం పోయాక పనివాడు సోకులకు పోతాడు.

ముందు బెల్టు

వచ్చిన ప్రతివాడూ ముందు ఒర అడుగుతాడు. నేను బెల్టు చూపించమంటాను. పిస్తోలు బరువు మోసేది బెల్టు. ఒర దానికి వేలాడుతుందంతే. ప్యాంటు జారకుండా పెట్టుకునే పల్చటి బెల్టుకు ఎంత మంచి ఒర తగిలించినా పిడి బయటికి వాలిపోతుంది, చొక్కా మీద గూడు కట్టినట్టు కనబడుతుంది. రెండు పొరల తోలు కుట్టిన బెల్టు, మధ్యలో గట్టి పట్టీ ఉన్నది కావాలి. దాని వెడల్పు ఎంతో, బెల్టు దూరడానికి ఒరకు తీసే గాటు కూడా అంతే ఉండాలి. గాటు వదులైతే పిస్తోలు తీసేటప్పుడు ఒర కూడా పైకి లేస్తుంది.

కందూరా వేసుకునే వాళ్లతో ఇంకో తిప్పలు. ఆ తెల్లటి పొడుగు చొక్కా లోపల లుంగీలాంటిది చుట్టుకుంటారు, దానిమీద బెల్టు నిలవదు. కరామా పేటలో ఒక దర్జీని పట్టుకొని కందూరాకు పక్కజేబు దగ్గర చీలిక పెట్టించాం, చెయ్యి లోపలికి పోయేటట్టు. లోపల వెడల్పాటి నడుంపట్టీ వేరే కుట్టాం. ఇవేవీ పుస్తకంలో ఉండవు. మనిషిని నిలబెట్టి, బట్టలు చూసి, అడిగి తెలుసుకోవాల్సిందే.

అడగవలసింది ఇంకొకటి: రోజులో ఎంతసేపు కూర్చుంటావు? రక్షణ మనిషి అంటే రోజంతా నిలబడి ఉంటాడని నేను అనుకున్నాను. కాదు, వాళ్ల రోజులో సగం కారులోనే పోతుంది. నిలబడ్డప్పుడు బాగున్న ఒర కూర్చోగానే డొక్కలో పొడుస్తుంది. సీటుబెల్టు దానిమీదికే వస్తుంది. అందుకని కార్ఖానా వెనక ఒక పాత కారు సీటు నేల మీద వేసి ఉంచాను. ఒర కట్టుకొని అందులో కూర్చో, లే, మళ్లీ కూర్చో. తర్వాత నమాజు చేసినట్టు వంగు, నుదురు నేలకు ఆనించు. అప్పుడు వెనక చొక్కా పైకి లేచి పిస్తోలు కనబడిందంటే ఆ చోటు పనికిరాదు, పక్కకు జరపాలి.

ఒకసారి ఒక సన్నటి కుర్రవాడు నడుం వెనక, సరిగ్గా వెన్నెముక మీద కావాలని పట్టుబట్టాడు. సినిమాల్లో చూసి ఉంటాడు. “వెనక్కి పడితే ఏమవుతుంది?” అని అడిగాను. “నేనెందుకు పడతాను?” అన్నాడు. అస్లం ఉస్తాద్ ఒక చెక్కముక్క తెచ్చి వాడి నడుం వెనక బెల్టులో దోపి, “అచ్ఛా బేటా, గోడకు ఆనుకో,” అన్నాడు. గట్టిగా ఆనుకోగానే వాడు మూలిగాడు. ఒర పక్కకు వచ్చింది.

తోలు, చెమట

క్రోమ్ మందు వేసి ఊనిన తోలు మెత్తగా, చవకగా దొరుకుతుంది. ఒరకు వాడవద్దు. ఆకారం నిలుపుకోదు, ఇనుముకు తుప్పు పట్టిస్తుంది. మా నాయిన ఊనినట్టు చెట్టు చెక్కతో ఊనిన తోలే కావాలి. ఆ దేశపు ఎండలో చెమట ఒరను తింటుంది. ఒంటి వైపు తోలు కొంచెం పైకి పెంచి, పిస్తోలుకూ చర్మానికీ మధ్య అడ్డం వచ్చేటట్టు కోయాలి. దారం మైనం పట్టించినది ఉండాలి. నూనె రాయకూడదు. ఈ చివరి మాట మళ్లీ చదవండి. ఒరకు నూనె రాయకూడదు. నేను రాశాను.

అన్నిటికంటే పెద్ద సంగతి మూతి. ఒర మూతి పిస్తోలు లేనప్పుడు కూడా తెరుచుకొనే ఉండాలి. ఒంటిచేత్తో, చూడకుండా, మళ్లీ లోపల పెట్టగలగాలి. రెండోది, ట్రిగ్గరు చుట్టూ ఉండే గుండ్రటి కంచె మొత్తం తోలు కింద ఉండాలి, బయటి నుంచి వేలు గానీ గుడ్డ గానీ దూరకూడదు. కనబడకపోవడం, సుఖంగా ఉండడం, చూడ్డానికి బాగుండడం, ఇవన్నీ ఆ రెండింటి తర్వాతే. కొనేవాడు మాత్రం తలకిందులుగా అడుగుతాడు. వాడి చేత సరైన వరుసలో అడిగించడమే మన పని.

నా తప్పు

సాలెం ఆరడుగుల మనిషి, పొట్ట ఉన్నవాడు, నవ్వించేవాడు. ఉర్దూ మాకంటే బాగా మాట్లాడేవాడు. మొదటి ఒర ఇచ్చిన వారానికే తెచ్చి బల్ల మీద పడేశాడు.

“మల్లయ్యా, సదీక్, నా దోస్త్, ఇది ఒరా, గుర్రపు నాడానా? కారులో కూర్చుంటే నన్ను ఇదే కరుస్తోంది. నీకు చెప్పులు కుట్టడం వచ్చు కదా? చెప్పులాగా కుట్టు.”

చెప్పులాగా కుట్టు అన్నాడు. అదే నా చెవికి తియ్యగా తగిలింది. ముప్పై ఏళ్లు చెప్పులు కుట్టినవాడికి మెత్తదనమే మంచితనం. మా పనిలో చెప్పు వేసుకున్న మొదటి రోజే కరవకూడదు, నెల తిరిగేసరికి కాలి ఆకారం రావాలి. అలా కుట్టినవాడినే పనివాడంటారు. నేను తోలు కోసే రంపె తీసుకొని ఒర మూతి దగ్గర తోలును కాగితమంత పల్చగా చెక్కాను. ఒంటి వైపు ఎత్తు తగ్గించాను. మూతి ముడుచుకోకుండా వేసే రెండో పొర పట్టీ వదిలేశాను, అదే పొట్టలో పొడుస్తోందని. చివరికి చెప్పులకు రాసినట్టు నూనె రాసి ఎండలో పెట్టాను. పట్టులాగా వచ్చింది.

అస్లం ఉస్తాద్ చేతిలోకి తీసుకొని మూతిని వేలితో నొక్కి చూశాడు.

“మల్లయ్య భాయ్, యే జూతీ నహీ హై, ఇది చెప్పు కాదు. మూతికి పట్టీ ఏది?”

“పట్టీ ఉంటే కూర్చోలేనంటున్నాడు.”

“కూర్చోలేకపోతే నిలబడమను. పట్టీ వెయ్.”

“ఫుట్‌బాళ్లు కుట్టిన ఊరోడివి, గాలి నింపేదాని సంగతి నీకు తెలుసు. నడుం సంగతి నాకు వదిలెయ్,” అన్నాను.

చుట్టూ ఉన్నవాళ్లు నవ్వారు. ఉస్తాద్ నవ్వలేదు, ఒరను బల్ల మీద పెట్టి వెళ్లిపోయాడు. అప్పుడు నాకు అది గెలుపుగా కనబడింది.

సాలెం ఆ ఒర కట్టుకొని కారు సీటులో కూర్చొని, లేచి, వంగి, “వల్లా! ఉన్నట్టే లేదు,” అన్నాడు. వారం తిరగకుండా అతని జట్టులోని వాళ్లు ఒక్కొక్కరే రావడం మొదలుపెట్టారు. అందరికీ సాలెం ఒరలాంటిదే కావాలి. ఆ చలికాలం నుంచి వేసవి దాకా అలాంటివి ఇరవై మూడు కుట్టాను. ముదీర్ నా భుజం తట్టాడు. ఇన్నేళ్లలో ఆయన నా భుజం తట్టడం అదే మొదలు.

ముదీర్ గురించి ఒక మాట చెప్పాలి. అబూ సమీర్ చెడ్డవాడు కాదు. జీతం ఆపలేదు, పాస్‌పోర్టు దాచలేదు. ఆయనకు ఒకటే లోపం. కొనేవాడి ముఖం చూసి సరుకు మంచిదో కాదో తేల్చేవాడు. నేను ఆయనను చూసి అదే నేర్చుకున్నాను. అలాంటి యజమాని దగ్గర పనిచేసేటప్పుడు మీ సరుకును మీరే గుడ్డిగా నమ్మకుండా చూసుకోవాలి.

ఎనిమిది నెలల తర్వాత

ఆగస్టులో సాలెం ఒరకు బెల్టు గాటు దగ్గర ఒక కుట్టు తెగింది. ఒరను నా చేతికి ఇచ్చి, “జాగ్రత్త, అది నా చర్మం ఇప్పుడు,” అని చాయ్ తాగడానికి బయటికి పోయాడు. కుట్టు వేశాను. సరిగ్గా ఉందో లేదో చూద్దామని నీలం బొమ్మను తీసి లోపలికి తోశాను. దిగలేదు. కొంచెం గట్టిగా తోశాను, దిగింది. ఎక్కడ ఆగిందో చూద్దామని కిటికీ దగ్గరికి తీసుకెళ్లి మూతిలోకి చూశాను.

ఒంటి వైపు తోలు ఎనిమిది నెలల చెమటకు, నా నూనెకు మెత్తబడి, పొట్ట ఒత్తిడికి లోపలికి ముడుచుకుపోయింది. ఆ ముడత బొమ్మతో పాటు కిందికి దిగి, కంచె లోపలికి పోయి, ట్రిగ్గరు ముందు కూర్చుంది. బొమ్మను ఇంకొంచెం నొక్కితే ఆ ముడత ట్రిగ్గరును వెనక్కి నొక్కుతుంది. వేలు చేసే పని తోలు చేస్తుంది.

బొమ్మ కాబట్టి ఏమీ కాలేదు. పిస్తోలు అయితే గుండు నేరుగా తొడలోకి పోతుంది. తొడలో పెద్ద రక్తనాళం ఉంటుంది. మేకలు కోసే ఇంట్లో పెరిగినవాణ్ణి, అది తెగితే ప్రాణం పోవడానికి ఎంతసేపు పడుతుందో నాకు ఎవరూ చెప్పనక్కరలేదు. అలాంటివి ఇరవై మూడు. నా చేతిలో ఉన్నది పోను ఇరవై రెండు, ఇరవై రెండు నడుముల మీద, ఆ నిమిషంలో ఎక్కడెక్కడో తిరుగుతున్నాయి.

ఉస్తాద్‌ను పిలిచి చూపించాను. ఫుట్‌బాలు మాట ఆయన మర్చిపోయి ఉండడు. కానీ అనలేదు. బొమ్మను తీసి, మళ్లీ తోసి, ముడతను చూసి, “ఎన్ని?” అన్నాడు.

“ఇరవై మూడు.”

“యా అల్లా. ముదీర్‌కు చెప్పు. ఇప్పుడే.”

సాలెం లోపలికి వస్తే ఒర ఇవ్వకుండా ఆపాలనుకున్నాను. కానీ నేను ముదీర్ గదిలో ఉండగానే అతను వచ్చి, కుట్టు వేసి ఉండడం చూసి, బల్ల మీది ఒర తీసుకొని పోయాడు. ఎక్కడికో వెళ్లే తొందరలో ఉన్నాడట.

ముదీర్ అంతా విన్నాడు. కుర్చీలో వెనక్కి వాలాడు.

“ఎవరికైనా ఏమైనా అయిందా?”

“కాలేదు.”

“కొత్త ఆర్డరు కాగితం వచ్చే నెల సంతకం అవుతుంది. అయ్యాక ఒక్కొక్కటి మరమ్మతు అని పిలిచి మార్చేద్దాం. ఖలాస్.”

“వచ్చే నెల దాకా వాళ్లు రోజూ తీస్తారు, రోజూ పెడతారు.”

“మల్లయ్యా, మన సరుకు మనుషులను చంపుతుందని మనమే చెబితే ఆర్డరు పోతుంది. ఆర్డరు పోతే పదకొండు మంది వీసాలు పోతాయి. ఉస్తాద్‌కు ముగ్గురు ఆడపిల్లలు. నువ్వు చెప్పు, ఎవరిని పంపమంటావు ముందు?”

ఆయన అన్నది అబద్ధం కాదు. ఇప్పుడు కూడా అబద్ధమని రాయను. నేను బయటికి వచ్చి బల్ల దగ్గర కూర్చున్నాను. ఉస్తాద్ నా ముఖం చూశాడు.

“నెల ఆగమన్నాడా?”

“ఆగమన్నాడు. నీ పిల్లల పేరు చెప్పాడు.”

“నా పిల్లల పేరు ఆయన నోట్లో ఎందుకు?” అన్నాడు ఉస్తాద్. కాసేపు ఆరెను చేతిలో తిప్పాడు. “సాలెంకు ఫోన్ చెయ్ భాయ్. నెల రోజులు ఎవరు నిద్రపోతారు?”

ఇరవై మూడు పేర్లు

ఎవరి ఒర ఎలాంటిదో మా ఆఫీసు కంప్యూటర్‌లో లేదు. నా దగ్గర ఉంది. చదువు రాకముందు నుంచీ నాకొక పద్ధతి. ప్రతి మనిషికీ ఒక తోలు పట్టీ కోసి, నడుం కొలత దగ్గర గాటు పెట్టి, కుడిచేతి వాడైతే ఒక చిల్లు, ఎడమచేతి వాడైతే రెండు చిల్లులు పొడిచి, మేకుకు తగిలించేవాణ్ణి. మెత్తమూతి ఒరల పట్టీలకు కొసను ఏటవాలుగా కోసేవాణ్ణి. అక్షరాలు వచ్చాక వెనకవైపు పేర్లు కూడా రాయడం మొదలుపెట్టాను, తెలుగులో.

ఏటవాలు పట్టీలన్నీ మేకుల నుంచి తీసి బల్ల మీద పరిచి సాలెంకు ఫోన్ చేశాను. సంగతి చెప్పాను. అతను నవ్వాడు.

“సదీక్, ఎనిమిది నెలలైంది. నా కాలు ఇంకా నా దగ్గరే ఉంది.”

“నీ ఒర ఒక్కదాని సంగతి కాదు సర్. ఇరవై మూడు ఉన్నాయి. ఒక్కరు పోయినా నీ మనిషే పోతాడు.”

అవతల నవ్వు ఆగింది. “ఎవరెవరివి? పేర్లు పంపు.”

“నా రాత తెలుగులో ఉంది సర్. నేను చదువుతాను, మీరు రాసుకోండి.”

అలా ఒక్కొక్క పట్టీ తిప్పి చదివాను. అరబ్బు పేర్లు తెలుగులో రాసుకున్నవి, నేనే రాసుకున్నవి, కొన్ని నాకే అర్థం కాలేదు. ఒక పేరు దగ్గర ఆగిపోతే నడుం ముప్పై ఎనిమిది, ఎడమచేతి వాడు అని చెప్పాను. “ఆ, హమద్!” అన్నాడు సాలెం. ఇరవై రెండు చదివాక అడిగాడు, “అయిపోయాయా?”

“ఒకటుంది. మీది.”

“నాది నేను చూసుకుంటాను,” అని పెట్టేశాడు.

మాట మీద నిలబడ్డాడు. రెండు రోజుల్లో తన జట్టునంతా పంపాడు. వచ్చినవాళ్లు మాత్రం ఒర విప్పి ఇవ్వడానికి ఇష్టపడలేదు. నెలల తరబడి వాడిన సుఖం అది. మాటలతో చెబితే తల ఊపి మళ్లీ కట్టుకొని పోతున్నారు. అప్పుడు ఉస్తాద్ తోలు మీద గీతలు గీసే సుద్ద తీసుకొని, సన్నగా చెక్కి, బొమ్మ కంచెలో ట్రిగ్గరు ముందు నిలబెట్టాడు. మొదట, మూతి పట్టీ ఉన్న గట్టి ఒరలో పెట్టి తీశాడు. సుద్ద నిలబడే ఉంది. తర్వాత వచ్చినవాడి ఒరలో, వాడి చేతనే పెట్టించాడు. లోపల టక్కుమంది. తీసి చూస్తే సుద్ద రెండు ముక్కలు. ఆ శబ్దం విన్నాక ఎవరూ వాదించలేదు. మెత్తబడటం ఇంకా మొదలుకాని కొత్తవాటిలో మాత్రం సుద్ద విరగలేదు. వాటిని కూడా తీసేసుకున్నాం.

మొదటివాళ్లు వచ్చిన సాయంత్రమే ముదీర్‌కు తెలిసింది. అరవలేదు. నా బల్ల దగ్గరికి వచ్చి, “రేపటి నుంచి నువ్వు చెప్పుల బల్ల,” అన్నాడు.

“సాలెం ఒర ఇంకా రాలేదు ముదీర్. అది వచ్చాక పోతాను.”

ఆయన లోపలికి పోయాడు.

సాలెం ఒర

సాలెం రాలేదు. ఫోన్ చేస్తే ఈరోజు, రేపు అన్నాడు. తన మనుషులందరినీ పంపినవాడికి తన విషయంలో మాత్రం నమ్మకం లేదు. ఇది సాలెం ఒక్కడి జబ్బు కాదు. జట్టు పెద్దల్లో చాలామందిలో చూశాను. ప్రమాదం కింది వాళ్లకు, తనకు అలవాటు ఉంది కదా అనుకుంటారు. మీ దగ్గరికి వచ్చే పెద్ద మనిషిని మామూలు మనిషికంటే రెండింతలు పరీక్షించండి.

ఐదో రోజు మధ్యాహ్నం బెల్టుకు పాలిష్ కావాలని వచ్చాడు. పిస్తోలు కారు పెట్టెలో తాళం వేసి, వట్టి ఒరతో లోపలికి వచ్చాడు, మా షరతు ప్రకారం. సుద్ద పెట్టి చూపించాను. విరిగింది. మళ్లీ చూపించాను. మళ్లీ విరిగింది.

“నేను పెట్టేటప్పుడు చూసుకొని పెడతాను,” అన్నాడు.

“కందూరా లోపల ఏం కనబడుతుంది సర్?”

“మల్లయ్యా, నువ్వు ముసలివాడివయ్యావు, భయం ఎక్కువైంది. ఇటివ్వు. నాకు పని ఉంది.”

చెయ్యి చాపాడు. ఇస్తే కట్టుకొని పోతాడు. ఇవ్వకపోతే లాక్కుంటాడు, అతని వస్తువు అది. నేను రంపె తీసుకొని ఒర మూతి నుంచి అడుగు దాకా ఒక్క కోత కోశాను. రెండు చెక్కలై బల్ల మీద పడింది.

కార్ఖానా అంతా ఆగిపోయింది. ఆ దేశంలో ఒక కూలివాడు ఒక అధికారి వస్తువును అతని కళ్ల ముందు కోశాడంటే ఏమవుతుందో అక్కడున్న ప్రతివాడికీ తెలుసు. ముదీర్ గది తలుపు దగ్గర నిలబడి ఉన్నాడు, ముఖం సున్నం కొట్టినట్టు ఉంది. సాలెం నన్ను చూశాడు, ఒరను చూశాడు.

“ఇప్పుడు సాయంత్రం డ్యూటీకి నేను పిస్తోలు ఎక్కడ పెట్టుకోవాలి?” అన్నాడు.

ఉస్తాద్ అరలోంచి పట్టీ ఉన్న గట్టి ఒర ఒకటి తీసి బల్ల మీద పెట్టాడు. నల్లగా, మొద్దుగా, చూడ్డానికి బాగుండదు. సాలెం కట్టుకొని వెనక కారు సీటులో కూర్చున్నాడు. మూతి కరిచింది కాబోలు, అరబ్బీలో ఏదో తిట్టాడు. నన్నా, ఒరనా, అడగలేదు. లేచి వెళ్లిపోయాడు. ఫిర్యాదు రాలేదు.

ఆ తర్వాత అంతా బాగైపోయిందని అనుకోవద్దు. ఆఫీసు వాళ్లు ఆర్డరును సగానికి తగ్గించారు. నేను నాలుగు నెలలు చెప్పుల బల్ల మీద ఉన్నాను. మాలో ఒకడు, కొత్తగా వచ్చిన నేపాలీ, వీసా పొడిగింపు దొరకక వెళ్లిపోయాడు. పోయేటప్పుడు నాకు సలాం చెప్పలేదు. అతని కోపం సరైనదే. మూతి పట్టీ వేసి ఉంటే ఆ ఆర్డరూ తగ్గేది కాదు, అతనూ పోయేవాడు కాదు. ఈ పనిలో నా తప్పు ఖరీదు ఎవరు కట్టారో నాకు తెలుసు. నేను కాదు.

నాలుగు నెలల తర్వాత ముదీర్ నన్ను మళ్లీ ఒరల బల్లకు పిలిచాడు. ఎందుకో చెప్పలేదు, నేను అడగలేదు. 2024లో పని మానేసి వచ్చేదాకా అక్కడే ఉన్నాను. సాలెం ప్రతి గురువారం వచ్చేవాడు. ప్రతిసారీ అదే గొడవ. మూతి పొడుస్తోంది, కారులో కూర్చోలేకపోతున్నాను, నీలాంటి మొండివాణ్ణి చూడలేదు, చర్మం ఒరుసుకుపోయింది, ఇదిగో చూడు అని చొక్కా ఎత్తి చూపించేవాడు. నేను చూసేవాణ్ణి. ఎర్రగా కంది ఉండేది. ఒంటి వైపు మెత్తటి గుడ్డ ఒకటి కుట్టి ఇచ్చాను, మూతి మాత్రం ముట్టుకోలేదు.

“ఇది ఎప్పుడు మెత్తబడుతుంది?” అని అడిగేవాడు.

“మెత్తబడిన రోజు నాకు తెచ్చివ్వండి సర్. ఇంకోటి ఇస్తాను.”

తిట్టుకుంటూ తన రెండు కాళ్ల మీద నడిచి కారు దాకా పోయేవాడు. నేను కిటికీలోంచి చూసి మళ్లీ పనిలో పడేవాణ్ణి.